లేదు, తెలీదు: పొగమంచులో బాతుల లెక్క

తెలుగు కావ్యాలు కాస్తో కూస్తో చదివినవాళ్ళకి జక్కవ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ‘చక్రవాకం’ అన్న సంస్కృత పదానికి మన వికృతి అది. పగలంతా జంటగా తిరిగి, పొద్దు గూకగానే విడిపోయి, ఏటికి చెరో ఒడ్డున కూచుని తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకునే పక్షి. విరహం చెప్పాలంటే జక్కవ. సూర్యాస్తమయం చెప్పాలంటే జక్కవ. ప్రబంధాల్లో నాయిక వక్షాన్ని వర్ణించాలన్నా జక్కవల జంటే. అలా వందల ఏళ్ళు వాడీ వాడీ దాన్ని ఉపమానంగా అరగదీసేశాం. ఇప్పుడు చాలామంది దాన్ని గండభేరుండంతో కలిపి కల్పిత పక్షుల జాబితాలో వేసేస్తారు.

కానీ జక్కవ కల్పన కాదు. అదొక బాతు. ఇంగ్లీషు పుస్తకాల్లో రడ్డీ షెల్‌డక్ అంటారు. ఒళ్ళంతా నారింజకీ కాషాయానికీ మధ్య రంగు, లేత రంగు తల, నల్లటి తోక. మధ్య ఆసియాలోనూ టిబెట్, లడాఖ్ ఎత్తుల్లోనూ గుడ్లు పెట్టి, చలికాలానికి మన నదులకీ జలాశయాలకీ వస్తుంది. పగలు ఒడ్డున జంటగా కునికిపాట్లు పడుతుంది, మేతకి ఎక్కువగా రాత్రిపూట వెళ్తుంది. చీకట్లో మేస్తూ మేస్తూ ఎడమైతే గట్టిగా పిలుచుకుంటాయి. కవి విన్న అరుపు నిజమే. దాని వెనకున్నది శాపం కాదు, ఆకలి.

అంటే ఎవరో ఎప్పుడో ఒక చలిరాత్రి నది ఒడ్డున కూచుని ఆ అరుపు సరిగ్గానే విన్నారు. ఏ ఒడ్డు, ఏ నెల, ఎన్ని పక్షులు అన్నది మాత్రం రాయలేదు. కవిని అది అడగడం అన్యాయమే. కానీ ‘మా ప్రాంతంలో ఒకప్పుడు ఏ పక్షులుండేవి?’ అని అడిగితే జవాబు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న నన్ను కొన్నేళ్ళుగా వదలట్లేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో వికారాబాద్, తాండూరు వైపు బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తిరిగేవాడి ప్రశ్న ఇది.

*

ముందు నీళ్ళ సంగతి. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలు ఒక నీటి విభజన రేఖ మీద ఉన్నాయి. ఆ కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకి తిరిగి హైదరాబాద్ మీదుగా వెళ్ళి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇటు పడమటి వాలు మీద పడ్డ వాన కాగ్నా నదిలోకి చేరి, తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి పోయి, భీమలో కలిసి, ఆ భీమతో పాటు కృష్ణలోకే వస్తుంది. ఒకే కొండ మీద పక్కపక్కనే పడ్డ రెండు చినుకులు రెండు దిక్కులకి పోయి, వందల కిలోమీటర్ల తర్వాత ఒకే నదిలో కలుస్తాయన్నమాట.

ఇలాంటి ఎత్తైన చోట నీళ్ళు నిలవవు. తెలంగాణలో పెద్ద సహజ సరస్సులు లేవనే చెప్పాలి. మనం చూసే చెరువు, కుంట, రిజర్వాయరు ప్రతిదీ ఎవరో ఒకరు కట్ట వేసి ఆపిన నీరే. కాకతీయుల కాలం నుంచీ ఊరూరా వేసిన కట్టలు, పదహారో శతాబ్దపు హుస్సేన్ సాగర్, 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, స్వాతంత్ర్యం వచ్చాక వాగులకి అడ్డంగా కట్టిన కోటిపల్లి, సర్పన్‌పల్లి, లఖ్నాపూర్ ప్రాజెక్టులు. వీటిలో ఏదీ బాతుల కోసం కట్టింది కాదు. వరి కోసమో, తాగునీటి కోసమో, వరద ఆపడానికో కట్టినవి. సైబీరియా నుంచి వచ్చే బాతు మాత్రం మనిషి కట్టిన ఆ నీటినే నమ్ముకుని దిగుతుంది.

అందుకే ఇక్కడ నీటిపక్షుల చరిత్ర అంటే సగం కట్టల చరిత్రే. పక్షి అడవిదే అయినా నీళ్ళు ఊరివి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నీళ్ళుంటే చాలదు, నీళ్ళ లోతు కూడా కుదరాలి. సూదితోక బాతు, చెంచామూతి బాతు లాంటివి మునిగి ఈదవు. తల కిందికి, తోక పైకి పెట్టి, మెడ అందినంత మేర మేస్తాయి. సుమారు మూర లోతు దాటితే వాటికి అడుగు అందదు. అంటే వాటికి కావలసింది చెరువు నడిమధ్య కాదు, చెరువు అంచు. నీరు పలచబడి, బురద మొదలై, తుంగ మొలిచే ఆ పట్టీ. లెక్కల పుస్తకాల్లో దాన్ని శిఖం భూమి అంటాం, ఎండాకాలంలో సాగు చేస్తాం, వీలైతే ఆక్రమిస్తాం. చెరువు మొత్తం ఉన్నట్టే ఉంటుంది. అంచు పోతే బాతుకి చెరువు పోయినట్టే.

తాండూరు వైపు వెళ్తే దీనికి పూర్తి వ్యతిరేకం కనిపిస్తుంది. అది నాపరాయి నేల. మన ఇళ్ళలో సగం గచ్చులు అక్కడి బండలే. రాయి తీసేసి వదిలిన గుంతల్లో వాననీరు నిలిచి, దూరం నుంచి నీలంగా, అందంగా కనిపిస్తుంది. ఫొటోకి బాగుంటుంది. కానీ వాటి గోడలు నిటారుగా కోసినట్టు ఉంటాయి, అంచనేదే ఉండదు. బాతు అక్కడ ఒక పూట సేద తీరగలదేమో గానీ కడుపు నింపుకోలేదు. పక్కన కందిచేల మధ్య గేదెలు తొక్కిన చిన్న కుంట చూడ్డానికి ఏమీ ఉండదు, పక్షులన్నీ అందులోనే ఉంటాయి.

*

కిందటేడు కార్తీకం చివర్లో ఒక ఆదివారం కోటిపల్లి ప్రాజెక్టుకి వెళ్ళాం. ఈ మధ్య కొన్నేళ్ళుగా అక్కడ కయాకింగ్ మొదలయ్యాక వీకెండ్ జనం పెరిగారు. వాళ్ళు రాకముందే చూద్దామని తెల్లారకముందే చేరుకున్నాం. పొగమంచు. రాత్రి ఆకాశం తేటగా ఉండి నేల చల్లబడితే, నీటి మీది తేమంతా ఇలా గడ్డకట్టినట్టు నిలుస్తుంది. పది అడుగుల అవతల నీళ్ళున్నాయో లేవో తెలియనంత దట్టంగా ఉంది. టెలిస్కోప్ నిలబెట్టి చూస్తే తెల్లటి గుండ్రం కనిపించింది, అంతే.

కానీ చెవులకి అంతా తెలుస్తోంది. ఎడమవైపు ఎక్కడో ఈలబాతులు, పేరుకి తగ్గట్టే సన్నగా ఈలలు. బొల్లికోళ్ళు ఎగరబోయి నీళ్ళ మీద పరిగెత్తుతున్న చప్పుడు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు. ఎక్కడో లకుముకి పిట్ట ఒకటే గోల. మా వాడొకడు విసుగొచ్చి, ‘ఏం లేవురా ఇక్కడ, టీ తాగి వెళ్దాం’ అన్నాడు.

ఒడ్డున థర్మకోల్ తెప్ప మీద వల సర్దుకుంటున్న పెద్దాయన తలెత్తి చూశాడు.

‘ఏం జూస్తున్రు సారు?’

‘బాతులు చూద్దామని వచ్చినం పెద్దయ్యా. మంచుల ఏం కనపడ్తలేవు.’

‘కనపడకుంటె లేనట్టేనా? మస్తున్నయి. జరసేపు ఆగుర్రి.’

తర్వాత ఆయనే చెప్పాడు, దసరా దాటినంక దిగుతాయనీ, శివరాత్రికి పోతాయనీ. పుస్తకాల్లో అక్టోబర్ నుంచి మార్చి అని రాసేది ఇదే. ఆయన చిన్నప్పుడు ‘మెడలు పొడుగున్న పెద్ద పక్షులు’ గుంపులుగా వచ్చి చేన్లలో దిగేవట. ‘అరిస్తె ఊరు లేసేది సారు. నా పెండ్లి అయినంక ఆ గుంపు మల్ల రాలే.’ ఆ మాటని ఏ జాతి కింద రాయాలి? చేన్లలో దిగి మేసే పెద్ద పక్షులు రెండు మూడు రకాలున్నాయి. ఫోన్‌లో నా చెక్‌లిస్ట్ తెరిచి ఉంది. అందులో ‘ఒకప్పుడు ఉండేవి’ అన్న కాలమ్ లేదు.

ఎనిమిదిన్నరకి ఎండ తగిలి మంచు పొరలు పొరలుగా లేచింది. ముందు దగ్గరి నాచు, తర్వాత ఎండిన మోడు మీద రెక్కలు చాపుకున్న నీటికాకులు, ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్ళ మీద వందల నల్లటి చుక్కలు. సూదితోకలు, చెంచామూతులు, గార్గనేలు, మన ఊరివే అయిన చుక్కముక్కు బాతులు. ‘ఏం లేవు’ అన్నవాడే అందరికంటే ముందు లెక్కపెట్టడం మొదలెట్టాడు. జక్కవలు కనిపించలేదు.

నా వృత్తిలో రోజూ ఎదురయ్యే చిన్న తేడా ఒకటుంది. డేటాబేస్‌లో సున్నా వేరు, నల్ వేరు. సున్నా అంటే చూశాం, లెక్కపెట్టాం, ఏమీ లేదు. నల్ అంటే ఎవరూ చూడలేదు, ఆ గడి ఖాళీ. ఈ రెంటినీ కలిపేస్తే ఎంత పెద్ద సిస్టమ్ అయినా తప్పుడు జవాబే చెప్తుంది. తెలుగులో దీనికి ఇంకా తేలికైన మాటలున్నాయి. ఒకటి ‘లేదు’. ఇంకొకటి ‘తెలీదు’. పొగమంచులో నిలబడ్డవాడు చెప్పగలిగింది రెండోదే.

మన పక్షుల చరిత్రలో గడులు చాలావరకు ‘తెలీదు’లే. వాటిని ‘లేదు’గా చదవడం మనకి అలవాటైపోయింది. అసలు ఎవరు, ఎందుకు లెక్కపెట్టారో చూస్తే ఆ ఖాళీలు ఎలా మిగిలాయో అర్థమవుతుంది.

*

మొదట లెక్కపెట్టినవాళ్ళు వేటగాళ్ళు. దక్షిణాదిలో పక్షుల గురించి పద్ధతిగా రాసినవాళ్ళలో ముందువరసలో ఉన్న టి.సి. జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1840ల్లో నెల్లూరులో పనిచేసినప్పుడు ఆయనకి తూర్పు కనుమల జీవాల గురించి చెప్పినవాళ్ళు యానాదులు. 1862-64 మధ్య వచ్చిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో చాలా పక్షులకి తెలుగు పేర్లు కూడా ఉంటాయి. పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఉండవు.

తర్వాత ఎ.ఓ. హ్యూమ్. కాంగ్రెస్ స్థాపకుడిగా స్కూల్లో చదువుకున్న ఆ హ్యూమే. మార్షల్‌తో కలిసి 1879-81లో వేట పక్షుల మీద మూడు సంపుటాలు తెచ్చాడు. దేశమంతటా ఉన్న షికారీలు, అధికారులు రాసి పంపిన సమాచారమే దానికి ఆధారం. ఆయన పాతికేళ్ళుగా రాసుకున్న మిగతా నోట్సుకి ఏమైందంటే, 1880ల్లో సిమ్లాలో నౌకరొకడు దాన్ని ఎత్తుకెళ్ళి బజార్లో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. ఎన్ని చెరువులు, ఎన్ని తేదీలు ఆ పొట్లాల్లో పల్లీలు కట్టడానికి పోయాయో. 1885లో ఆయన తన పక్షి చర్మాల సేకరణ మొత్తాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసి ఆ పనే మానుకున్నాడు.

ఇటు 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు మార్గం పడింది. వికారాబాద్, తాండూరు రెండూ ఆ లైను మీదివే. పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన వికారాబాద్ చల్లగాలికి పేరుపడింది. నిజాం కాలంలోనే అనంతగిరి మీద క్షయరోగుల కోసం శానటోరియం కట్టింది ఆ గాలిని నమ్ముకునే.

వేటగాడి లెక్కలో ఖచ్చితత్వం ఉంటుంది, అది ఒప్పుకోవాలి. భరత్‌పూర్‌లో 1938 నవంబర్ 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో కొట్టిన పక్షుల సంఖ్య 4,273. అక్కడ రాతి పలక మీద ఇప్పటికీ చదవచ్చు. అదే నవంబర్‌లో మన చెరువుల మీద ఎన్ని బాతులున్నాయో చెప్పే రాయి లేదు. అంటే బాతులు లేవని కాదు, వైస్రాయి రాలేదని.

రెండో లెక్క శాస్త్రానిది. 1931-32లో సలీం అలీ నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ రాజ్యపు పక్షుల సర్వే చేశాడు. 1933-34లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో, హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో, అది భాగాలుగా వచ్చింది. సంస్థానాల్లో ఆయన వరసగా చేసిన సర్వేలకి ఇదే మొదలు. ఈ రోజుకీ తెలంగాణ పక్షుల గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలెట్టాలి. కానీ హైదరాబాద్ రాజ్యమంటే ఎనభై రెండు వేల చదరపు మైళ్ళ పైమాటే. అందులో తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అన్నీ ఉన్నాయి. ఒక చిన్న బృందం ఎన్ని మకాములు వేసినా, వేల చెరువుల్లో వాళ్ళు చూడగలిగింది గుప్పెడే. పైగా అప్పటి పద్ధతిలో పక్షి జాతిని ఖాయం చేయాలంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, చీటీ కట్టాల్సిందే. ఆ చీటీ మీద ఊరి పేరు, తేదీ ఉంటాయి కాబట్టే అది చరిత్ర అయింది. మకాం పడని ఊరికి చీటీ లేదు, చరిత్రా లేదు.

మూడో లెక్క భయం వల్ల వచ్చింది. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు, మనుషులు ఒక కొత్త జ్వరంతో చనిపోయారు. ఆ వైరస్‌కి రష్యాలో కనిపించే వైరస్‌తో చుట్టరికం ఉందని తేలాక, వలసపక్షులు మోసుకొచ్చాయేమోనన్న అనుమానం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. 1959 నుంచి సలీం అలీ, బీఎన్‌హెచ్‌ఎస్ కలిసి వేల పక్షుల కాళ్ళకి అల్యూమినియం రింగులు తొడిగారు. జ్వరానికి పక్షులు కారణం కాదు, అడవి పిడుదులే అని తర్వాత స్థిరపడింది. కానీ ఆ వంకతో మన దగ్గర చలికాలం గడిపే బాతు ఎండాకాలం సోవియట్ యూనియన్‌లో ఎక్కడ తేలుతుందో తెలిసింది. ఎలా తెలిసిందంటే, అక్కడి వేటగాడు దాన్ని కొట్టి, రింగు మీది నంబరు చూసి ఉత్తరం రాస్తేనే. శాస్త్రం మళ్ళీ తుపాకీ దగ్గరికే వచ్చింది.

కోరిక ఒకరిని, సరదా ఒకరిని, జిజ్ఞాస ఒకరిని, జ్వరం ఒకరిని పక్షి దగ్గరికి తీసుకెళ్ళాయి. ఎవరికి ఏది కావాలో అదే రాసుకున్నారు. నాలుగో లెక్క మనది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. 2002లో అమెరికాలో మొదలైన ఈబర్డ్‌లో ఇప్పుడు మనలాంటివాళ్ళు రోజూ జాబితాలు ఎక్కిస్తారు. తుపాకీ అవసరం లేదు, చర్మం అవసరం లేదు. జాబితా పంపేముందు ఈబర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తించిన పక్షులన్నీ రాశారా? నాకు తెలిసి పక్షుల లెక్కల్లో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. అవును అంటే, మీ జాబితాలో లేనిది ‘కనిపించలేదు’ కింద పనికొస్తుంది. లేకపోతే అది ఉత్త ‘తెలీదు’. కనపడకపోవడాన్ని కూడా సాక్ష్యంగా మార్చిన లెక్క ఇదొక్కటే.

*

ఇదంతా పండితచర్చలా అనిపించవచ్చు. కాదని చెప్పడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం కోసం రేడియో ప్రసార స్టేషన్ కడుతున్నారు. సముద్రం లోపలున్న జలాంతర్గాములకి సంకేతాలు పంపే అతి తక్కువ పౌనఃపున్యపు కేంద్రం. దేశంలో ఇలాంటిది తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి ఒకటి ఉంది, ఇది రెండోది. సుమారు 2,900 ఎకరాల అడవి. 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి శంకుస్థాపన చేశారు. దేశరక్షణ అవసరమని ఒకవైపు, మూసీ పుట్టిన చోటి అడవి పోతుందని ఇంకోవైపు వాదన నడిచింది. ఎవరిది ఒప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నేను గమనించింది ఒకటే. ఇలాంటి ప్రతి వాదనలోనూ చివరికి వచ్చే ప్రశ్న ‘అక్కడ ఏముంది?’ అన్నది. ఆ ప్రశ్నకి జవాబు వాదన మొదలయ్యాక తయారుకాదు. అప్పటికే రాసిపెట్టి ఉండాలి. రాయనిది ఫైలులో ‘తెలీదు’గా మొదలై, రెండు టేబుళ్ళు మారేసరికి ‘లేదు’ అయిపోతుంది.

చెరువులకీ అంతే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పొలాలకి నల్లమట్టి, చెరువుకి నీళ్ళు, రైతుకి మేలు. పూడిక తీసేటప్పుడు ఒడ్డు వైపు కాస్త వాలు ఉంచితే మూర లోతు నీళ్ళూ మిగులుతాయి, బాతులూ మిగులుతాయి. నిటారుగా తవ్వితే అది ఇంకో తాండూరు గుంత. తవ్వకముందు ఆ అంచున ఎవరుండేవారో రాసి ఉంటేనే కదా, వాలు ఉంచమని ఎవరైనా అడగగలిగేది.

పక్షులు చూడ్డానికి వచ్చే కొత్తవాళ్ళతో నేను ఒక మాట చెప్తుంటాను. అరుదైన పక్షి ఫొటో కోసం పది చెరువులు తిరగొద్దు. ఒక్క కుంట పట్టుకోండి. మీ ఊరిదైతే మరీ మంచిది. నెలకోసారి, పదేళ్ళు. కనిపించినవి రాయండి, కనిపించలేదనీ రాయండి. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో రాయండి. ఒడ్డున వల సర్దుకునే పెద్దాయన ఏ పక్షిని ఏమంటాడో ఆ మాటలోనే రాయండి, ఎప్పుడు రావడం మానేసిందో కూడా. కాలమ్ లేకపోతే వ్యాఖ్యల్లో రాయండి.

కావ్యం మనకి పేరిచ్చింది గానీ చోటు చెప్పలేదు. షికారీ అంకె చెప్పాడు, దాన్ని చంపి చెప్పాడు. సర్వే చోటూ తేదీ చెప్పింది, మన ఊరికి రాలేదు. ఈ మూడూ ఒక్క వరసలో పెట్టే అవకాశం ఇన్నాళ్ళకి, ఒక ఫోను, ఒక ఆదివారం ఉన్న మామూలు మనిషికి వచ్చింది. జక్కవ, కోటిపల్లి, కార్తీకం, సున్నా. చూడ్డానికి పేలవంగానే ఉంటుంది. కానీ యాభై ఏళ్ళ తర్వాత ఆ వరస చదివేవాడికి, ఆ రోజు ఒకడు అక్కడ నిలబడి, మంచు కరిగేదాకా ఆగి, చూసి, అప్పుడే ‘లేదు’ అని రాశాడని తెలుస్తుంది.